మనోహరాబాద్ స్టేషన్‌లో ఏడో షెడ్యూలు



గత రమజాను తరువాతి నుంచి మా మస్జిదులో అసర్ నమాజు ముగిశాక ఒక యువకుడు వెనుక వరుసలో ఆగిపోతున్నాడు. చేతిలో లావుపాటి పుస్తకం. తండ్రి ఇక్కడి పారిశ్రామికవాడలో షిఫ్టు పని చేస్తారు. అబ్బాయి వయస్సు ఇరవై తొమ్మిది. సివిల్ సర్వీసుల ప్రిలిమినరీ పరీక్ష రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ కొద్ది మార్కులతో తప్పాడు. ఒకరోజు నా దగ్గరకు వచ్చి, “మౌలానా సాబ్, పుస్తకం మొత్తం చదివాను. ఏ పేజీలో ఏముందో చెప్పగలను. ప్రశ్న చూడగానే మాత్రం నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి” అన్నాడు.

నేను రాజ్యాంగశాస్త్రం చదివినవాణ్ణి కాను. దర్సె నిజామీ చదివి, ముప్ఫై ఏళ్లుగా అరబ్బీ వ్యాకరణం, మంతిఖ్, ఫిఖ్‌హ్ బోధిస్తున్నవాణ్ణి. అయినా అతడి జబ్బును వెంటనే గుర్తుపట్టాను. ఎందుకంటే ఆ జబ్బును ఒకప్పుడు నేనే ఒక విద్యార్థికి అంటించాను.

చాలా ఏళ్ల కిందటి మాట. నహ్వ్ తరగతిలో ఒక పిల్లవాడు లేచి, ఫాయిల్ అంటే కర్త అని చెప్పారు, మరి ‘గోడ కూలింది’ అన్న వాక్యంలో గోడ ఏ పనీ చేయలేదు కదా, అది ఫాయిల్ ఎలా అవుతుందని అడిగాడు. మంచి ప్రశ్న. ఆ రోజు పాఠం పూర్తి చేయాలన్న తొందరలో, “ముందు కంఠస్థం చెయ్యి, అర్థం తరువాత వస్తుంది” అన్నాను. పిల్లవాడు కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్లీ లేవలేదు. వార్షిక పరీక్షలో నిర్వచనాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఒక వాక్యం ఇచ్చి ఫాయిల్‌ను చూపమంటే చూపలేకపోయాడు. తప్పు అతడిది కాదు.

మంతిఖ్ మొదటి పాఠంలోనే జ్ఞానాన్ని రెండుగా విభజిస్తారు: తసవ్వుర్, తస్దీఖ్. ఒక వస్తువు రూపం మనసులో ఏర్పడటం తసవ్వుర్. దాని గురించి అవుననో కాదనో తీర్పు చెప్పడం తస్దీఖ్. మొదటిది లేకుండా రెండవది నిలవదు. ప్రిలిమినరీలో వంద ప్రశ్నల పత్రమంతా తస్దీఖే. ‘కింది వాక్యాలలో ఏవి సరైనవి?’ అని అడుగుతారు. మన పిల్లలు తీర్పులను కంఠస్థం చేసుకొని వెళుతున్నారు. వాక్యాన్ని కొద్దిగా తిప్పి అడిగితే ఆ తీర్పు పనికిరాదు, ఎందుకంటే దాని అడుగున రూపం లేదు.

కాబట్టి అతడితో ఒక ఒప్పందం చేసుకున్నాను. నాకు పాలిటీ తెలియదు, నీకు తెలుసు. రోజూ ఒక్క మాట తీసుకొని నాకు బోధించు. నాకు అర్థమైతే నీకు వచ్చినట్టు. మా మదరసాలలో దీనిని తక్రార్ అంటాము. ఉస్తాద్ పాఠం చెప్పి వెళ్లాక విద్యార్థులు గుండ్రంగా కూర్చొని, వారిలో ఒకడు ఉస్తాద్ స్థానంలో ఆ పాఠాన్ని తిరిగి చెబుతాడు, మిగిలినవారు ఆపి ఆపి అడుగుతారు. పాఠం వచ్చిందో లేదో తేలేది అక్కడే.

మొదటి రోజు అతడు ఎంచుకున్న మాట ‘ద్రవ్యలోటు’. రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లు పెంచి ద్రవ్యలోటును అదుపు చేస్తుందని మొదలుపెట్టాడు. నేను ఆపాను. బ్యాంకుకూ ప్రభుత్వ లోటుకూ సంబంధం ఏమిటని అడిగాను. “ద్రవ్యోల్బణం, ద్రవ్య విధానం, ద్రవ్యలోటు, అన్నీ ద్రవ్యమే కదా మౌలానా సాబ్” అన్నాడు.

చిక్కు ఇక్కడే ఉంది. తెలుగులో చదువుకునే ప్రతి అభ్యర్థి తల్లిదండ్రులూ ఈ సంగతి తెలుసుకోవాలి. మన పత్రికలు ప్రభుత్వ లోటును ద్రవ్యలోటు అంటాయి. పాఠ్యపుస్తకాలలో అదే కోశలోటు. రిజర్వు బ్యాంకు చేసేది ద్రవ్య విధానం, దానినే పత్రికలు పరపతి విధానం అని కూడా రాస్తాయి. ప్రభుత్వం బడ్జెటు ద్వారా చేసేది కోశ విధానం. ఇద్దరు యజమానులు, రెండు ఖాతాలు. కానీ ఒకే మాట రెండు ఇళ్లలోనూ తిరుగుతూ ఉంటుంది. లోటును అదుపు చేయడానికి 2003లో చేసిన ఎఫ్.ఆర్.బి.ఎం. చట్టం ప్రభుత్వాన్ని ఉద్దేశించినది. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, రెండు శాతం అటూ ఇటూగా ఉంచే బాధ్యత మాత్రం రిజర్వు బ్యాంకుది. వడ్డీ రేటును నిర్ణయించే ఆరుగురు సభ్యుల సంఘానికి 2016లో చట్టబద్ధత వచ్చింది. మెయిన్స్ తెలుగులో రాయవచ్చు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే రాసి 2016 పరీక్షలో దేశంలో మూడో ర్యాంకు సాధించారు. అయితే ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లీషులలోనే ఉంటుంది. అందుచేత ప్రతి పారిభాషిక పదానికీ ఎదురుగా ఇంగ్లీషు మాట రాసిపెట్టుకోనివాడికి ఈ గందరగోళం వదలదు.

మంతిఖ్‌లో నిర్వచనానికి రెండు షరతులు పెడతారు. అది జామిగా ఉండాలి, అంటే తనలోకి రావలసినవన్నీ రావాలి. మానిగా ఉండాలి, అంటే రాకూడనిది ఏదీ రాకూడదు. లోటుకు ఈ రెండూ పెట్టి చూశాము. ‘ఆదాయం కంటే ఖర్చు ఎక్కువ కావడం’ అన్నాడు. అప్పు తెచ్చిన సొమ్ము కూడా చేతికి వచ్చినదే కదా, అది ఆదాయమేనా అన్నాను. కాసేపు మౌనంగా ఉండి, అప్పును మినహాయించాలన్నాడు. అప్పుడు ఒక ఇంటి లెక్క వేశాము. నెల రాబడి 20,000. ఖర్చు 26,000. అందులో 4,000 ఇంటికి ఒక గది కట్టడానికి, మిగిలిన 22,000 తిండికీ బట్టకూ కరెంటుకూ. ఆరు వేలు అప్పు తెచ్చారు. ఆ ఆరు వేలే కోశలోటు. రోజువారీ ఖర్చుకు తగ్గిన రెండు వేలు రెవెన్యూ లోటు. మిగిలిన నాలుగు వేల అప్పుకు బదులు ఒక గది మిగిలింది, ఈ రెండు వేలకు ఏమీ మిగలలేదు. ప్రాథమిక లోటు అంటే కోశలోటులోంచి పాత అప్పుల మీద వడ్డీని తీసివేయగా వచ్చేది. మా ఇంటి లెక్కలో వడ్డీ లేదు గనుక అక్కడ నవ్వుకొని ముందుకు సాగాము.

ద్రవ్యోల్బణం దగ్గర నేనే తప్పు చేశాను. ఆరు శాతం నుంచి నాలుగు శాతానికి తగ్గిందంటే ధరలు తగ్గాయనుకున్నాను. ఈసారి నన్ను ఆపే వంతు అతడిది. వంద రూపాయల సరుకు ఆరు శాతంతో 106 అయింది, మరుసటి ఏడు నాలుగు శాతంతో 110 దాటింది. తగ్గినది పెరుగుదల వేగం, ధర కాదు. చదువుకున్నవారు కూడా సంతలో నిలబడి, ద్రవ్యోల్బణం తగ్గిందని చెబుతున్నారు, నూనె ధర ఎందుకు తగ్గలేదని విసుక్కోవడం నేను విన్నాను. వారిలో నేనూ ఒకణ్ణి.

మంతిఖ్ పుస్తకాలలోని మరొక వర్గీకరణ అతడికి పరీక్ష గదిలోనే ఉపయోగపడేది. పూర్తి నమ్మకం యఖీన్. ఒకవైపు మొగ్గితే ఆ వైపు జన్, బలహీనమైన రెండో వైపు వహ్మ్. రెండు వైపులా సమానమైతే షక్. ప్రిలిమినరీలో సరైన జవాబుకు రెండు మార్కులు, తప్పుకు అందులో మూడో వంతు కోత. నాలుగింటిలో ఏదీ తెలియక గుర్తు పెడితే సగటున నాలుగిట్లో ఒకటి తగులుతుంది. రెండు వస్తాయి, మూడు తప్పులకు రెండు పోతాయి, చేతికి సున్నా. రెండు జవాబులను నమ్మకంగా కొట్టివేయగలిగి మిగిలిన రెండింటి మధ్య షక్ ఉంటే, రెండు ప్రశ్నలకు రెండు వచ్చి ముప్పాతిక కంటే తక్కువ పోతుంది. అంటే షక్‌లో రాయడం లాభం, ఏమీ తెలియనప్పుడు రాయడం వృథా. ఇతడు రెండేళ్లూ భయంతో షక్ ఉన్నవన్నీ వదిలేశాడు.

ఇవన్నీ పుస్తకపు సందేహాలు. అసలు సందేహం ఒక గురువారం సాయంత్రం వేరే మాటల మధ్యలో బయటపడింది. ఈ ఏడాది పరీక్ష రాయనని, రెండేళ్లు ఏదైనా ఉద్యోగం చేసి చెల్లెలి నికాహ్‌కు డబ్బు సమకూర్చి, ఆ తరువాత తీరికగా రాస్తానని అన్నాడు. “నాకు ముప్ఫై అయిదేళ్ల దాకా వీలుంది కదా, బి.సి.-ఇ సర్టిఫికెట్ చేతికి వచ్చింది” అన్నాడు.

ఈ నమ్మకం మన ఇళ్లలో చాలామందికి ఉంది గనుక ఇక్కడ కొంత ఆగుతాను. ముస్లింలలోని కొన్ని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ 2007లో వచ్చింది. అది రాష్ట్రపు జాబితా, రాష్ట్రపు ఉద్యోగాలకు, విద్యాసంస్థలకు. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ చూసేది కేంద్రపు ఓ.బి.సి. జాబితాను. రెండు జాబితాలు వేర్వేరు. ఒక వర్గం రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉన్నట్టు కాదు. కేంద్ర జాబితాలో పేరు ఉండి, క్రీమీలేయర్ కిందకు రానివారికే 35 ఏళ్ల పరిమితి, తొమ్మిది ప్రయత్నాలు. లేనివారికి 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు. 2019లో 103వ సవరణతో వచ్చిన పది శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటాకు అర్హులైనా ఈ పరీక్షలో వయస్సు సడలింపు ఉండదు.

అతడు ఫోను తీసి కేంద్ర జాబితాలో తెలంగాణ పేజీ తెరిచాడు. పైనుంచి కిందికి రెండుసార్లు చూశాడు. వారి వర్గం పేరు లేదు. ఆరేళ్లు ఉన్నాయనుకున్నవాడికి మూడేళ్లు మిగిలాయి. అందులో ఈ ఏడాదిని వదులుకోబోయాడు. మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు. నమాజు తరువాత వాళ్ల నాన్నగారిని కలిశాను. ఆయన షిఫ్టు దుస్తుల్లోనే గడపలో నిలబడి విని, “అమ్మాయి నికాహ్ సాదాగా చేద్దాం మౌలానా సాబ్, వాణ్ణి రాయనివ్వండి” అన్నారు.

రెండేళ్లుగా పుస్తకాలు చదివిన ఈ అబ్బాయి ఈ ఒక్క మాటను ఎవరినీ అడగలేదు. తెలిసిన సంగతే అనుకున్నాడు. అడిగి తెలుసుకునేందుకు చోట్లు లేకపోలేదు. హైదరాబాద్‌లో రాష్ట్ర మైనారిటీల స్టడీ సర్కిల్ ఉంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో వసతితో కూడిన సివిల్స్ శిక్షణ అకాడమీ ఉంది. ఢిల్లీలో జామియా మిల్లియా అకాడమీ ఉంది, 2021 పరీక్షలో దేశంలో మొదటి ర్యాంకు పొందిన శ్రుతి శర్మ అక్కడ శిక్షణ పొందినవారే. మదరసా చదువు చదివినవారు ఈ దారిలో నడవలేరన్న అపోహ ఉన్నవారికి బీహార్‌కు చెందిన షాహిద్ రజా ఖాన్ పేరు చెబుతాను. మదరసాలో చదివి, తరువాత జె.ఎన్.యు.కు వెళ్లి, 2018 సివిల్ సర్వీసుల పరీక్షలో ఎంపికయ్యారు.

ఇక శీర్షికలోని సంగతికి వస్తాను. ఏడో షెడ్యూలు అతడికి మూడు పొడవాటి జాబితాలుగా మాత్రమే తెలుసు. కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి. ఏది ఎందులో ఉందో అప్పజెప్పేవాడు, ఎందుకో చెప్పలేడు. ఒక ఆదివారం ఫజర్ తరువాత అతణ్ణి మా రైల్వే స్టేషనుకు తీసుకువెళ్లాను. మా ఊరు 2016 దాకా నిజామాబాద్ వైపు వెళ్లే దారిలో ఒక చిన్న స్టేషను. ఆ ఏడాది ఆగస్టు 7న ప్రధానమంత్రి గజ్వేల్ దగ్గర మనోహరాబాద్–కొత్తపల్లి మార్గానికి శంకుస్థాపన చేశారు. సుమారు 151 కిలోమీటర్ల మార్గం. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు నడిచింది. ఈ పట్టా ఎవరిదని అడిగాను. రైల్వేలు కేంద్ర జాబితా అన్నాడు. పట్టా కింద నేల? భూమి రాష్ట్ర జాబితా. ఆ నేలను రైతు దగ్గర నుంచి తీసుకోవడం? కాస్త ఆలోచించి, భూసేకరణ ఉమ్మడి జాబితా అన్నాడు. ఒక్క పట్టా మీద మూడు జాబితాలూ కలిసి పడుకొని ఉన్నాయి. భూసేకరణ ఖర్చును, నిర్మాణ వ్యయంలో మూడో వంతును రాష్ట్రం భరించేలా ఒప్పందం ఎందుకు కావలసి వచ్చిందో అతడికి అక్కడే తెలిసింది.

అక్కడినుంచే పారిశ్రామికవాడ వైపు చూపించి, ఇక్కడ తయారైన సరుకు కర్ణాటకలో అమ్ముడైతే జి.ఎస్.టి.లో రాష్ట్రపు వాటా ఎవరికని నేనడిగితే, తయారైన చోటికే అన్నాడు. కాదు. 2017 జూలై 1 నుంచి పన్ను సరుకు వినియోగమైన చోటికి వెళుతుంది. వాటా కర్ణాటకది. ఇది నేను ముందు రోజు రాత్రి అతడి పుస్తకంలోనే చదివి పెట్టుకున్నాను, ఆ మాట అతడికి చెప్పలేదు.

ఇంటికి వచ్చి చాయ్ తాగుతూ ఈ కబుర్లు చెబుతుంటే, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి వంటగదిలోనుంచి అడిగింది: “అబ్బాజాన్, రైలు కేంద్రానిది, నేల రాష్ట్రానిది అయితే, ప్లాట్‌ఫారం మీద ఎవరిదైనా సంచి పోతే కేసు ఎవరు రాసుకోవాలి?”

అబ్బాయి కేంద్రమన్నాడు. నేను రాష్ట్రమన్నాను, ఊహతోనే. పుస్తకం తెచ్చి రాష్ట్ర జాబితా తెరిచాడు. రెండో అంశం పోలీసు. పక్కనే, రైల్వే పోలీసుతో సహా అని ఉంది. ఆ వాక్యం కింద అతడు ఎప్పుడో గీత గీసి పెట్టుకున్నాడు.