పన్నుకు జడిసిన వలస – పస్తుకు జడిసిన వలస

పండుగ సెలవులకు ఊరికి వెళ్లి తిరిగి హాస్టలుకు వచ్చేటప్పుడు మాలో చాలామందిమి కర్నూలు బైపాస్ దగ్గర దిగుతాం. పొద్దుపోయి దిగితే మా ముందు నుంచే హైదరాబాదు - బెంగళూరు ప్రైవేటు బస్సులు దూసుకుపోతుంటాయి. వాటి నంబర్లు చదవడం మాకొక ఆట. ఎన్ఎల్ అంటే నాగాలాండ్. ఏఆర్ అంటే అరుణాచల్ ప్రదేశ్. డీడీ అంటే డామన్ డయ్యూ. పీవై అంటే పుదుచ్చేరి. ఒకసారి మా ఏడో తరగతి తమ్ముడొకడు, "అన్నా, ఈ బస్సు నాగాలాండు నుంచి ఎన్ని రోజులు ప్రయాణం చేసి వచ్చుంటది?" అని అడిగాడు. మేమంతా నవ్వాం. ఆ బస్సు నాగాలాండ్ కొండల్ని ఒక్కసారి కూడా చూసి ఉండదు. దాని కాగితాలు మాత్రమే అక్కడున్నాయి.

నవ్వు అయిపోయాక ఆలోచన మొదలైంది. ఇక్కడే తిరిగి, ఇక్కడి ప్రయాణికుల దగ్గరే టికెట్టు డబ్బులు తీసుకునే బస్సు వేల కిలోమీటర్ల దూరంలో ఎందుకు రిజిస్టర్ అయింది? జవాబు ఒక్కటే, పన్ను. మన రాష్ట్రాల్లో ఇలాంటి బస్సులకు సీటు లెక్కన, మూడు నెలలకోసారి మోటారు వాహన పన్ను కట్టాలి. ఆ చిన్న రాష్ట్రాల్లో అది చాలా తక్కువ. 2021 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వం కొత్త అఖిల భారత టూరిస్టు పర్మిట్ విధానం తెచ్చింది. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి పర్మిట్ తీసుకుంటే బస్సు దేశమంతా తిరగవచ్చు. దాంతో సొంత రాష్ట్రం పన్ను ఎక్కడ తక్కువైతే అక్కడ నంబరు వేయించుకోవడం ఇంకా సులువైంది.

చట్టం ఏమంటున్నది? 1988 మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం యజమాని నివాసమో, వ్యాపారమో ఉండి, వాహనాన్ని మామూలుగా ఉంచే చోటే రిజిస్ట్రేషన్ జరగాలి. 47వ సెక్షన్ ప్రకారం వాహనం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. చట్టం ఉంది, బస్సు కూడా ఉంది, రెండూ కలుసుకోవడమే లేదు. 2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం ఇలాంటి బయటి నంబర్ల బస్సులను తమ రాష్ట్రంలో నడవనీయబోమని గట్టిగా చెప్పింది. మిగతా రాష్ట్రాలు ఒకసారి పట్టుకుంటాయి, ఒకసారి వదిలేస్తాయి.

ఇది డబ్బు సంగతి మాత్రమే కాదని మా కర్నూలు వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర హైదరాబాదు - బెంగళూరు బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు సజీవదహనమయ్యారు. ఆ బస్సు మీద డీడీ నంబరే ఉంది. పన్ను తప్పించుకోవడం వల్లే ప్రమాదం జరిగిందని మేము అనడం లేదు. కానీ ఒక రాష్ట్రంలో రిజిస్ట్రేషన్, ఇంకో రాష్ట్రంలో యజమాని, మరో రెండు రాష్ట్రాల్లో ప్రయాణం అయితే ఆ బస్సు తలుపులు, కిటికీలు, బ్రేకులు చూడవలసిన అధికారి ఎవరు? పన్ను కట్టే చోటు మారితే జవాబు చెప్పే చోటు కూడా మారిపోతుంది.

బస్సుల వాళ్లను మాత్రమే అనడం న్యాయం కాదు. కార్ల వాళ్లూ తక్కువ తినలేదు. కోటి రూపాయల కారుకు కేరళలో 20 లక్షల దాకా పన్ను పడే రోజుల్లో కొందరు సినిమా ప్రముఖులు పుదుచ్చేరి చిరునామాతో కార్లు రిజిస్టర్ చేయించారని 2017లో కేసులు నమోదయ్యాయి. లారీల సంగతి మా ఊళ్ల వాళ్లకు బాగా తెలుసు. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలు, డీజిలు మీద ఎక్సైజ్ సుంకం తగ్గించినప్పుడు కర్ణాటక తన వ్యాటు కూడా తగ్గించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తగ్గించలేదు. లారీలు సరిహద్దు దాటి ట్యాంకు నింపుకుని రావడం మొదలుపెట్టాయి. గోదావరి జిల్లాల వాళ్లు యానాం వెళ్లి పెట్రోలు పోయించుకోవడం పాత ముచ్చటే.

ఇవన్నీ చిన్న వలసలు. ఫ్యాక్టరీలకు ఫ్యాక్టరీలే కదిలిన పెద్ద వలస కూడా ఒకటుంది. జ్వరం వస్తే వార్డెన్ గారు ఇచ్చే మాత్రల అట్ట వెనక్కి తిప్పి చదవండి. చాలా వాటి మీద "బద్ది, హిమాచల్ ప్రదేశ్" అని ఉంటుంది. మందుల తయారీకి పేరుపడ్డ హైదరాబాదు మన పక్కనే ఉండగా, హిమాలయాల కింద ఉన్న ఆ ఊరి నుంచి మాత్రలు ఎందుకు వస్తున్నాయి? 2003 జనవరిలో కేంద్ర ప్రభుత్వం హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాంచల్ రాష్ట్రాలకు ఒక పారిశ్రామిక రాయితీ ప్రకటించింది. అక్కడ కొత్త పరిశ్రమ పెడితే పదేళ్లు ఎక్సైజ్ సుంకం లేదు, మొదటి ఐదేళ్లు ఆదాయ పన్ను లేదు. 2005లో మందుల మీద ఎక్సైజ్ సుంకాన్ని అట్ట మీద ముద్రించిన ధర లెక్కన వేయడం మొదలయ్యాక ఆ రాయితీ విలువ ఇంకా పెరిగింది. దేశం నలుమూలల నుంచి మందుల కంపెనీలు బద్దికి పరుగెత్తాయి. మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కూడా అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఇది కేంద్రం వేసే పన్నే అయినా, వదిలింది కొన్ని రాష్ట్రాల్లోనే కాబట్టి ఫలితం రాష్ట్రాల మధ్య పోటీ లాగే తేలింది. 2014లో రాష్ట్రం విడిపోయాక మనం ప్రత్యేక హోదా అడగడం వెనుక కూడా ఇలాంటి రాయితీలు మనకూ వస్తాయనే ఆశ ఉంది.

ఒక మాట ఒప్పుకోవాలి. వెనుకబడిన కొండ ప్రాంతానికి కొన్నాళ్లు పన్ను తగ్గించి పరిశ్రమ తేవడం తప్పు కాదు. అక్కడి యువకులకు ఉద్యోగాలు వచ్చాయి. కానీ ప్రతి రాష్ట్రమూ "నా దగ్గర ఇంకా తక్కువ" అంటూ దిగితే అది వేలంపాటే. మామూలు వేలంలో పాట పైకి పోతుంది, ఇందులో కిందికి పోతుంది. చివరికి పాట గెలిచిన రాష్ట్రం చేతిలో ఫ్యాక్టరీ ఉంటుంది, ఖజానాలో డబ్బుండదు.

ఈ వేలంపాట అమెరికాలో మనకంటే ముందు నుంచీ నడుస్తోంది. కాలిఫోర్నియాలో బాగా ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ల మీద రాష్ట్ర ఆదాయ పన్ను 13.3 శాతం దాకా ఉంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్నే లేదు. టెస్లా కంపెనీ 2021లో తన ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియా నుంచి టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు మార్చింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా "పన్ను వేస్తే డబ్బున్నవాళ్లంతా పారిపోతారు" అని వినిపిస్తుంది. అయితే టెక్సాస్ ఆదాయం మీద పన్ను వదిలి, ఇంటి మీద పన్ను గట్టిగా వేస్తుంది. డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లకు ఆ సంగతి అనుభవమే. ఒక చేత్తో వదిలింది ఇంకో చేత్తో వసూలు చేస్తారు.

నిజంగా డబ్బున్నవాళ్లంతా పారిపోతారా? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టోబల్ యంగ్, ఆయన మిత్రులు పదమూడేళ్ల పన్ను పత్రాలు లెక్కగట్టి 2016లో ఫలితం ప్రకటించారు. పది లక్షల డాలర్ల పైన సంపాదించేవాళ్లలో ఏడాదికి 2.4 శాతం మంది రాష్ట్రం మారుతున్నారు. మొత్తం జనంలో 2.9 శాతం మంది మారుతున్నారు. అందరికంటే తక్కువ సంపాదించేవాళ్లలో 4.5 శాతం. అంటే ఎక్కువగా ఊరు విడిచేది బీదవాళ్లే. వ్యాపారం, పరిచయాలు, పిల్లల చదువులు ఉన్నవాడు పన్ను కోసం అంత సులువుగా కదలడు. కదులుతానని బెదిరిస్తాడు. ఆ బెదిరింపుకే ప్రభుత్వాలు వంగిపోతున్నాయి.

వంగితే ఏమవుతుందో కాన్సాస్ రాష్ట్రం చూపించింది. 2012లో అక్కడి గవర్నర్ బ్రౌన్‌బ్యాక్ పన్నులు బాగా తగ్గించి, వ్యాపారాలు వచ్చి వాలుతాయన్నారు. అనుకున్నట్టు రాలేదు, ఖజానాకు చిల్లు పడింది. 2015లో కొన్నిచోట్ల డబ్బు చాలక బడులను గడువు కంటే ముందే మూసేశారు. చివరికి 2017లో ఆయన సొంత పార్టీ ఆధిక్యం ఉన్న చట్టసభే ఆయన వీటోను తోసేసి పన్నులు మళ్లీ పెంచింది. మసాచుసెట్స్ ప్రజలు ఎదురుదారిలో నడిచారు. ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద అదనంగా 4 శాతం పన్ను వేయాలని 2022లో ఓటు వేశారు. ఆ సొమ్ము చదువుకూ రవాణాకూ. 2023లో ఆ సొమ్ముతోనే అక్కడి ప్రభుత్వ బడి పిల్లలందరికీ భోజనం ఉచితంగా పెట్టడం శాశ్వతం చేశారు. ప్రభుత్వ భోజనం తిని చదువుకునే మాకు ఈ వార్త ఎందుకు నచ్చిందో వేరే చెప్పాలా?

ఇప్పుడు మా ఇంటి వలస గురించి చెబుతాం. ఆదోని, కోసిగి, కౌతాళం వైపు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు పంటలు లేని కాలంలో సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి ట్రాక్టర్లలో, ఆటోల్లో మూటా ముల్లె కట్టుకుని పోతారు. పన్ను ఎక్కువైందని వాళ్లు ఊరు విడవరు, కూలి దొరకక విడుస్తారు. "మీరు పోవద్దు, రాయితీ ఇస్తాం" అని వాళ్లను ఆపిన ప్రభుత్వం ఏదీ లేదు. వాళ్ల వలసకు బెదిరించే శక్తి లేదు.

అయినా వాళ్లు ఎక్కడికి పోయినా పన్ను వెంటే పోతుంది. కోసిగిలో కొన్నా, గుంటూరులో కొన్నా సబ్బు మీద పన్ను ఒకటే. 2025 సెప్టెంబరు 22న తగ్గించేదాకా సబ్బు, తలనూనె, టూత్‌పేస్ట్ మీద 18 శాతం జీఎస్‌టీ ఉండేది. ఇప్పుడు 5 శాతం. మా అమ్మ ఆ పన్ను తప్పించుకోవడానికి నాగాలాండ్‌లో చిరునామా తీసుకోలేదు. "బీదవాళ్లు పన్ను కట్టరు, మా పన్నుతో బతుకుతారు" అని ఎవరైనా మాతో అంటే మా జవాబు ఇదే. మేమూ కడుతున్నాం. మాకు తప్పించుకునే దారి లేదు, అంతే తేడా.

ఆ పన్నుల సొమ్ములోంచే మా దుప్పటి, మా ట్రంకు పెట్టె, మా పుస్తకాలు, మా పళ్లెంలో గుడ్డు వచ్చాయి. 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం తెచ్చి, నిధుల్లో జనాభా నిష్పత్తి ప్రకారం మా వాటా మాకు ఇవ్వాలన్నారు. ఎన్నో పోరాటాల ఫలం అది. కానీ వాటా అంటే మొత్తంలో భాగం. బస్సు పన్ను నాగాలాండ్ పోయి, కారు పన్ను పుదుచ్చేరి పోయి, ఫ్యాక్టరీ పన్ను రాయితీలో పోయాక మిగిలిన దాంట్లో వాటా ఎంత? గుండిగ చిన్నదైతే గరిటె కూడా చిన్నదవుతుంది. మెస్ బిల్లులు ఆలస్యమైనప్పుడు, పైకప్పు కారినప్పుడు, "బడ్జెట్ రాలేదు" అనే మాట వింటాం. రాని ఆ బడ్జెట్టులో కొంత మా ముందు నుంచే బైపాస్ మీద పరుగెత్తిపోతోంది.

ట్రావెల్స్ వాళ్ల మాటలోనూ కొంత నిజముంది. పక్క రాష్ట్రాల కంటే మరీ ఎక్కువ పన్ను వేస్తే నిజాయితీగా కట్టేవాడు నష్టపోతాడు, దొంగదారి వాడు బాగుపడతాడు. అందుకే పన్ను న్యాయంగా ఉండాలి, అందరి దగ్గరా వసూలు కావాలి. బస్సు పన్ను విషయంలో రాష్ట్రాలన్నీ కూర్చుని ఒక కనీస రేటు పెట్టుకోవాలి. బస్సు ఎక్కడ తిరిగితే అక్కడికి పన్ను చేరాలి. రాయితీ ఇచ్చిన కంపెనీ ఎన్ని ఉద్యోగాలు ఇచ్చిందో, ఎంత పన్ను వదిలామో ఏటా ప్రజలకు చెప్పాలి. చెప్పిన ఉద్యోగాలు ఇవ్వకపోతే రాయితీ వెనక్కి తీసుకోవాలి.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేసింది ఈ విషయం మీదే అని మాలో చాలామందికి ఈ మధ్యనే తెలిసింది. కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య పన్నుల సొమ్ము ఎలా పంచుకోవాలన్నదే బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన రాసిన గ్రంథం. అది 1925లో అచ్చయింది. ఆయనను 1913లో అమెరికా పంపింది కూడా బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పే. ఆ సొమ్ముతో చదివిన ఒక్క విద్యార్థి దేశానికి ఏమి తిరిగిచ్చాడో చరిత్ర చెబుతుంది.

మేము కూడా రేపు ఉద్యోగాలు చేస్తాం, వ్యాపారాలు పెడతాం. మాలో ఒకరు బస్సే కొనవచ్చు. ఆ బస్సుకు ఏపీ నంబరే ఉండాలని ఈ వార్షికోత్సవం రోజున మాలో మేము అనుకున్నాం. అప్పుడు ఈ హాస్టల్ మెట్ల మీద కూర్చునే తమ్ముళ్లు మన బస్సు నంబరు చదివి, "ఇది మన సీనియర్ అన్న బస్సు, మన అన్నంలో దీని పన్ను కూడా ఉంది" అనుకోవాలి.