నియమము తగ్గినను గుణము చెడరాదు

1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూరు, గచ్చిబౌలి కార్యాలయములలో వ్రాయబడుచు వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఏటికేడు రూపములను మార్చు నియమములు పేరుకొనినవి. వానిని తగ్గించి తేలిక చేయుట నేడు అవసరమే. కాని టెస్టులన్నియు పాసైనవి గదా యని అంతటితో తృప్తిపడుట చాలదనియు, నియమమును తొలగించువాడు దానివలన ఏ గుణమును చెడలేదని నిరూపింపవలెననియు నా దృఢాభిప్రాయము.

ఒక రూపమును మరియొక రూపముగా మార్చు నియమముల సముదాయమునకు టర్మ్ రీరైటింగ్ సిస్టమ్ అని పేరు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమునందలి సంధిసూత్రములును, ‘సోముడు’, ‘ఇతడు’ అను రెంటిని ‘సోముడితడు’గా మార్చునవి, ఈ జాతివే. ఇట్టి వ్యవస్థకు రెండు గుణములు ప్రాణము: మార్పులు ఎప్పటికైనను ఆగవలెను, ఏ క్రమమున మార్చినను తుదిఫలము ఒక్కటే కావలెను. ఆగుట నిశ్చయమైనచో, ఒక్క అడుగున చీలిన దారులన్నియు మరల కలియునని చూపిన చాలునని 1942లో గణితజ్ఞుడు న్యూమన్ నిరూపించెను.

అయితే ఆ రెండును నిలిచినను వేరొక గుణము చెడవచ్చును. కూడికకు మూడు నియమములున్నవనుకొందము. సున్నకు ఒక సంఖ్యను కూడిన ఆ సంఖ్యయే వచ్చును. ఒక సంఖ్యకు తరువాతిదానికి వేరొకదానిని కూడిన, ఆ రెంటి మొత్తమునకు తరువాతిది వచ్చును. ఏ సంఖ్యకైనను సున్నను కూడిన ఆ సంఖ్యయే వచ్చును. మూడవది వ్యర్థమని తోచును. 5, 7 వంటి అంకెలతో ఎన్ని పరీక్షలు చేసినను మొదటి రెండే సరిపోవును. అయితే ‘క్ష’ అను తెలియని విలువకు సున్నను కూడవలసివచ్చినపుడు ఆ రెండును కదలక నిలిచిపోవును. ప్రోగ్రాము నడువకమునుపే, విలువలు తెలియకయే పనిచేయు కంపైలరునకు ఆ మూడవ నియమమే ఆధారము. పరీక్షలు దాని లేమిని పట్టి యియ్యజాలవు.

పరీక్షలకు చిక్కని దోషము పుస్తకములకే పరిమితమైన భయము కాదు. ఎల్‌ఎల్‌వీఎమ్ కంపైలరులోని 300కు పైగా మార్పు నియమములను అలైవ్ అను సాధనముతో పరిశీలింపగా, వానిలో 8 తప్పని 2015లో తేలినది. ఆ కంపైలరును ఆధారము చేసికొని పనిచేయు క్వాల్‌కమ్, ఏఎమ్‌డీ సంస్థలకు మన నగరములో పెద్ద కార్యాలయములు కలవు. కూతవేటు దూరమున హైదరాబాదు విశ్వవిద్యాలయమును, ట్రిపుల్ ఐటీయు ఉన్నవి. ఇంత విద్య చేరువనుండగా, కోడ్ రివ్యూలో ఒక నియమము కొట్టివేయబడినచోట “టెస్టులు పాస్” అను మాటతో పాటు సమాప్తికి, తుదిఫలైక్యమునకు, తొలగిన నియమపు పని మిగిలినవానితోనే నెరవేరుననుటకు నిరూపణమును కూడ అడుగుట మన కార్యాలయములలో నేటినుండియే ఆచారము కావలెను. ఇంజనీరింగు కళాశాలలు ఈ విద్యను ఐచ్ఛికముగా గాక కంపైలరు పాఠములోనే బోధింపవలెను.