మంచం పట్టకముందే లెక్క వేయాలి

2024 జులై 1న ఆంధ్రప్రదేశ్ రాజధాని గ్రామం పెనుమాకలో మొదలైన ఎన్టీఆర్ భరోసా పథకం వృద్ధాప్య పింఛనును నెలకు 4 వేల రూపాయలకు పెంచింది. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 15 వేలు ఇస్తోంది. మంచంలో ఉన్న మనిషికి మందులతోపాటు పక్కన మరో మనిషి కూడా కావాలని ప్రభుత్వం గుర్తించడం మంచి మార్పు. అయితే ఆ గుర్తింపు మంచం పట్టాకే దక్కుతోంది. ఆ స్థితికి ఎవరు చేరువవుతున్నారో ముందే పసిగట్టే ఏర్పాటు పథకంలో లేదు.

2011 జనగణన నాటికే దేశంలో అరవై దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2017-18 జాతీయ వృద్ధాప్య అధ్యయనం ప్రకారం వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురికి ఏదో ఒక దీర్ఘకాలిక వ్యాధి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సంఖ్య 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 1.7కు తగ్గింది. ఉన్న ఒకరిద్దరు పిల్లలూ హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే, ఎనభై ఏళ్ల భర్తకు డెబ్బై అయిదేళ్ల భార్యే నర్సు. ఆమెకూ ఒకరి సాయం అవసరమయ్యే రోజును ఎవరు లెక్కలోకి తీసుకుంటున్నారు?

అవసరాలు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాల నీళ్లలోని ఫ్లోరైడ్ సమస్య 1930లలోనే వైద్యుల దృష్టికి వచ్చింది. దశాబ్దాలపాటు ఆ నీళ్లు తాగినవారి ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ వెన్నును బిగదీస్తుంది, నరాలను నొక్కుతుంది. ఇప్పుడు మంచినీళ్లు ఇచ్చినా వంగిన వెన్ను నిటారు కాదు. అక్కడ ఫిజియోథెరపీ, వాకర్, మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీ కావాలి. మిరపకోతల్లో, పత్తితీతల్లో ఏళ్లకేళ్లు నడుం వంచిన ఆడకూలీలకు మోకాళ్లకు, నడుముకు వైద్యం కావాలి. బీపీ, షుగర్ అదుపు తప్పినవారికి పక్షవాతం, కిడ్నీ జబ్బుల ముప్పుంది. జిల్లా సగటు చూసి వేసే ప్రణాళిక వీరిలో ఎవరికీ సరిపోదు.

కాబట్టి జబ్బు పేరు రాసుకోవడంతో పని పూర్తికాదు. ఆ మనిషి సొంతంగా ఏం చేసుకోగలుగుతున్నారో చూడాలి. జ్ఞాపకశక్తి, నడక, పోషణ, చూపు, వినికిడి, మనసు అనే ఆరింటినీ పరిశీలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 5 సార్లు లేచి నిలబడటానికి 14 సెకన్లు దాటితే లోతుగా పరీక్షించాలంటుంది. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఆశా కార్యకర్తలు నింపే ఆరోగ్య పత్రంలోనూ పెద్దల కోసం ప్రశ్నలున్నాయి: నిలబడితే తూలుతున్నారా, స్నానానికి, తిండికి ఒకరి సాయం కావాలా, అయినవాళ్ల పేర్లు మరచిపోతున్నారా? ఆ జవాబులు సేవలుగా మారితేనే ప్రయోజనం.

జపాన్ 2000లో సంరక్షణ బీమా తెచ్చింది. ఇంటికొచ్చి పరిశీలించి, అవసరాన్ని 7 స్థాయిలుగా నిర్ణయిస్తుంది. నిర్ణీత కాలానికోసారి తిరిగి చూస్తుంది. మనకు అందుబాటులో ఉన్న నమూనా కేరళది. 2008లో ఆ రాష్ట్రం ఉపశమన చికిత్సకు ప్రత్యేక విధానం ప్రకటించింది. పంచాయతీల ఆధ్వర్యంలో నర్సులను రోగుల ఇళ్లకు పంపుతోంది.

మన దగ్గర గ్రామ సచివాలయాలున్నాయి. పింఛనుదారుల జాబితా సిద్ధంగా ఉంది. ఏటా ఒకసారి ఏఎన్ఎం, ఆశా కార్యకర్త కలిసి ప్రతి వృద్ధుణ్ణీ, వృద్ధురాలినీ ఇంటి దగ్గరే పరిశీలించాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి చేరినప్పుడు, జారిపడినప్పుడు మళ్లీ చూడాలి. కట్టుకున్నవారు పోయి ఒంటరైన వెంటనే కూడా చూడాలి. సంరక్షించేవారి ఆరోగ్యాన్నీ అందులో నమోదు చేయాలి. వృద్ధాశ్రమాలకూ ఇదే నియమం పెట్టాలి. జిల్లాకు కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రయం కల్పించే ఏర్పాటు ఉండాలని తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమానికి తెచ్చిన 2007 చట్టం చెబుతోంది. కూడు, నీడతోపాటు రేపటి వైద్యం కూడా ఆ బాధ్యతలో భాగమే.

గ్రామాల లెక్కలు మండలానికి చేరితే ఎందరు నర్సులు, ఫిజియోథెరపిస్టులు కావాలో తేలుతుంది. వారికి శిక్షణ ఇవ్వడానికి గుంటూరు ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. తూలుతూ నడిచే మనిషికి ఈరోజే ఊతం, వ్యాయామం, కంటి అద్దాలు అందితే తుంటి విరిగే ప్రమాదం తగ్గుతుంది. అన్ని కష్టాలనూ ముందే కనిపెట్టలేకపోవచ్చు, కానీ కళ్లెదుట కనిపిస్తున్నవాటికైనా వచ్చే బడ్జెట్‌లో నిధులు కేటాయించాలి.