గోరుచుట్టు: క్రిమి ఎంత, తడి ఎంత?

పశ్చిమ ప్రకాశంలో బతుకుతెరువు చాలావరకు వేళ్ల కొసల మీదే నడుస్తుంది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో ఉలి, సుత్తి పట్టి రాతిని పొరలుగా చీల్చే చేతులు. కంభం, గిద్దలూరు వైపు చేలల్లో పత్తి తీసే, మిరపకాయలు కోసే చేతులు. తెల్లారకముందే గేదె పాలు పితికి, ఆ తడి ఆరకుండానే అంట్లు తోమడానికి కూర్చునే చేతులు. ఇలాంటి వేలికి గోరుచుట్టు లేస్తే నొప్పితో పోదు, కూలీ పోతుంది.

అప్పుడు జరిగేది అందరికీ తెలిసిందే. నిమ్మకాయకు బొక్క పెట్టి వేలికి తొడుగుతారు. తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, అదీ పనిచేయకపోతే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు. వీటన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే: బయటి నుంచి క్రిమి దూరింది, దాన్ని చంపితే సరిపోతుంది. ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియకపోవడం వల్లే నెలల తరబడి తగ్గని గోళ్లు, అవసరం లేని యాంటీబయాటిక్‌లు.

ముందుగా చెప్పుకోవలసింది, ఆ క్రిమి చాలాసార్లు బయటిది కాదు. మన చర్మం మీద బ్యాక్టీరియా ఎప్పుడూ కాపురం ఉంటుంది. చేతుల మీది సూక్ష్మజీవులను లెక్కగట్టి 1988లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో అవి అన్నిటికన్నా ఎక్కువగా దొరికిన చోటు గోటి కొస కింది సందు. చేతిలో మిగతా చోట్ల వందల్లో, వేలల్లో ఉంటే అక్కడ లక్షల్లో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం హాని చేయని స్టెఫిలోకాకస్ జాతులే. మేలు చేసేవీ ఉన్నాయి. స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌లోని కొన్ని రకాలు విడుదల చేసే ఎంజైము, చీము పుట్టించే స్టెఫిలోకాకస్ ఆరియస్‌ను ముక్కులో స్థిరపడనివ్వదని 2010లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. ఆ ఆరియస్ కూడా ప్రతి పది మందిలో ఇద్దరు ముగ్గురి ముక్కులో ఏ జబ్బూ కలిగించకుండా నివసించేదే.

మరి జబ్బు ఎక్కడ మొదలవుతుంది? వేలిని వెలుతురులో పెట్టి చూస్తే గోటి మొదట్లో సన్నని, పారదర్శకమైన పొర గోటికి అతుక్కుని కనిపిస్తుంది. గోటికీ దాని మీదికి వంగిన చర్మానికీ మధ్య సందును మూసి ఉంచేది అదే. చెరువుకు కట్ట ఎలాంటిదో గోటికి ఆ పొర అలాంటిది. గోటి పక్కన లేచిన తోలును పంటితో లాగినా, రాతి పెచ్చు గుచ్చుకున్నా, పత్తికాయ మొన గీరినా ఆ కట్టకు గండి పడుతుంది. పైన ఉన్న ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అనే మరో బ్యాక్టీరియా లోపలికి దిగుతాయి. రెండు మూడు రోజుల్లో గోటి చుట్టూ ఎర్రబడి, వాచి, రాత్రంతా సలుపుతుంది. ఇది అచ్చంగా బ్యాక్టీరియా జబ్బే.

దీనికి చికిత్స కూడా సూటిగానే ఉంటుంది. చీము పట్టకముందైతే గోరువెచ్చని నీళ్లలో రోజుకు మూడు నాలుగు సార్లు వేలిని ముంచడం చాలామందికి సరిపోతుంది. చీము చేరిందో లేదో తెలుసుకోవడానికి వైద్యులు ఒక చిన్న పరీక్ష చేస్తారు. బొటనవేలి కొసతో ఆ వేలి కొసను నొక్కించి చూస్తే, చీమున్న మేర చర్మం తెల్లగా పాలిపోతుంది. అప్పుడు చీము తీయించుకోవాలి. అది బయటికి పోయాక, మరో జబ్బు లేని మనిషికి చాలాసార్లు యాంటీబయాటిక్ అవసరమే రాదు. మధుమేహం ఉన్నవారు మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు.

చిక్కంతా ఆరు వారాలు దాటినా తగ్గని గోరుచుట్టుతోనే. ఇందులో నొప్పి తక్కువ. గోటి మొదట్లోని పొర ఊడిపోయి, చర్మం ఉబ్బి, గోటి మీద అడ్డంగా గీతలు పడతాయి. ఎక్కువగా కనిపించేది తడిలో పనిచేసేవారిలో: పాలు పితికేవారు, అంట్లు తోమేవారు, హోటళ్లలో వంటవాళ్లు, బట్టలు ఉతికేవారు. అక్కడ క్యాండిడా అనే ఫంగస్ దొరుకుతుంది కాబట్టి అదే కారణమని వైద్యులూ చాలాకాలం అనుకున్నారు. ఇటలీలోని బొలోన్యా నుంచి 2002లో వచ్చిన అధ్యయనం దీన్ని తలకిందులు చేసింది. 45 మందిలో కొందరికి ఫంగస్ మాత్రలు, కొందరికి స్టెరాయిడ్ క్రీము ఇచ్చి పోల్చారు. క్రీము రాసిన 48 గోళ్లలో 41 నయమయ్యాయి, లేదా మెరుగుపడ్డాయి. రెండు రకాల ఫంగస్ మాత్రలు వాడిన గోళ్లలో ఆ ఫలితం సగం దగ్గరే ఆగింది. అంటే ఇది ప్రధానంగా తడి, సబ్బు, సోడా, కూరగాయల రసాల వల్ల చర్మానికి పుట్టే వాపు. సూక్ష్మజీవులు తెరుచుకున్న సందులోకి తర్వాత వచ్చి చేరేవే. సందు మూసుకోనంత వరకు ఏ మందు వాడినా అవి మళ్లీ వస్తాయి.

గోరు పచ్చబారడం కూడా ఇలాంటిదే. తడికి గోరు కింది నుంచి లేచినప్పుడు ఆ ఖాళీలో సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా చేరి పచ్చరంగు వదులుతుంది. లేచిన గోటిని కత్తిరించి, వేలిని పొడిగా ఉంచడమే అక్కడ సగం చికిత్స.

సోరియాసిస్ అనే చర్మవ్యాధి వల్ల పాడయ్యే గోళ్లలో క్రిములతో సంబంధం ఇంకా లోతుగా ఉంటుంది. గోటి మీద సూదితో పొడిచినట్టు గుంటలు, కింద నూనె మరకలాంటి రంగు దాని గుర్తులు. ఇది అంటుకునేది కాదు. అయితే గొంతులో స్ట్రెప్టోకాకస్ చేరాక కొందరిలో ఒళ్లంతా చుక్కల్లాంటి సోరియాసిస్ లేస్తుందన్నది రుజువైన విషయం. క్రిములను చంపడానికి చర్మం తయారుచేసుకునే ఎల్ఎల్-37 అనే పదార్థం, దెబ్బతిన్న కణాల డీఎన్ఏతో కలిసి రోగనిరోధక వ్యవస్థను సొంత ఒంటి మీదికే ఉసిగొల్పుతుందని 2007లో తేలింది. బ్యాక్టీరియాను, క్యాండిడాను ఎదిరించడానికి ఒంట్లో ఉన్న ఐఎల్-17 అనే సంకేతమే ఇక్కడ అదుపు తప్పుతుంది. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2015 నుంచి వచ్చాయి. వాటితో గోళ్లు బాగుపడతాయి, కానీ కొందరికి క్యాండిడా పెరుగుతుంది.

ఒకేలా కనిపించే ఎర్రటి గోటికి ఇన్ని మూలాలుంటే, అన్నిటికీ ఒకే ట్యూబు ఎలా పనిచేస్తుంది? షాపుల్లో అడగ్గానే ఇచ్చే మిశ్రమ క్రీముల్లో యాంటీబయాటిక్, ఫంగస్ మందు, బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. చీమున్న వేలికి స్టెరాయిడ్ తగిలితే అక్కడి రక్షణ కుంగిపోతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. వైద్యుల ఒత్తిడితో కేంద్రం 2018లో 14 స్టెరాయిడ్ చర్మ మందులను చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. పల్లెల్లో అమ్మకం మాత్రం ఆగలేదు. అవసరం లేని యాంటీబయాటిక్‌ల ఫలితం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నివేదికల్లో కనిపిస్తూనే ఉంది. పెద్దాసుపత్రుల నమూనాల్లోని ఆరియస్‌లో నలభై శాతానికి పైగా మెథిసిలిన్ రకం మందులకు లొంగడం లేదు. మొట్టమొదటి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ అయిన ఆరియోమైసిన్‌ను 1948లో లోకానికి అందించిన బృందానికి సారథి మన యల్లాప్రగడ సుబ్బారావు. అలాంటి మందుల పదును మొద్దుబారుతుంటే ఊరుకోవడం తప్పు.

తడిలో చేయి పెట్టొద్దని పాల మీద బతికే మనిషికి చెప్పడం తేలికే, కానీ ఆ మనిషికి మానడం కుదరదు. చెప్పాల్సింది మానకుండా ఎలా కాపాడుకోవాలో: లోపల నూలు చేతి తొడుగు, పైన రబ్బరు తొడుగు, పని అయ్యాక పొడిగుడ్డతో వేళ్ల సందులు కూడా తుడవడం, రాత్రి వాజెలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాయడం, గోటి మొదట్లోని పొరను కత్తిరించకపోవడం. పలకల ఫ్యాక్టరీల్లో ముక్కుకు మాస్కు ఎంత ముఖ్యమో వేళ్లకు తొడుగూ అంతే ముఖ్యం. ఆ ఖర్చు యజమానిది కావాలి.

ప్రభుత్వం చేయాల్సింది కూడా పెద్ద బడ్జెట్ పని కాదు. గ్రామ ఆరోగ్య కేంద్రంలో మూడు ప్రశ్నలు వేస్తే చాలు: ఎన్నాళ్లయింది, చీముందా, చేతులు రోజూ ఎంతసేపు తడిలో ఉంటాయి. వాటితోపాటు ఒక షుగర్ పరీక్ష. చీము తీయడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు మత్తుసూది ఇచ్చి అక్కడికక్కడే చేయగల పని. ఆరు వారాలు దాటిన వేలిని మాత్రం చర్మ వైద్యుడు చూడాలి. 2021లో శంకుస్థాపన జరిగిన మార్కాపురం ప్రభుత్వ వైద్య కళాశాల పూర్తయితే అందులో చర్మవ్యాధుల విభాగం ఉండి తీరాలి. అంతవరకు మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వాసుపత్రుల్లో వారానికో రోజు చర్మ వైద్యుడు కచ్చితంగా కూర్చునేలా చూసి, ఆ రోజేదో ఊరూరా ఆశా కార్యకర్తల ద్వారా చెప్పించాలి.