పచ్చికకోర్టుల యాటకు గడువు చాలునా?

టెన్నిసు నే వృత్తిగా గైకొన్నవారు సంవత్సరమున దాదాపు పదునొకండు నెలలు దేశదేశములు తిరిగి యాడుచుందురు. అందు పచ్చికపై నాడునది జూను మొదలు జూలై నడుమవఱకు, ఐదాఱు వారములు మాత్రమే. ఈ గడువును పొడిగింపవలయునని మా యభిప్రాయము. బోరబండ పిల్లలకు వింబుల్డనుతో నేమి పనియని తల్లిదండ్రులు నవ్వవచ్చును. పని యున్నది.

మన హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా 2003 సంవత్సరమున వింబుల్డనునందు బాలికల జంటయాట గెలిచెను. 2015 లో మార్టినా హింగిసుతో గూడి స్త్రీల జంటయాటయు గెలిచెను. అంతకుముందు భారతస్త్రీ యెవతెయు నా బహుమానము పొందియుండలేదు. ఫ్రెంచి పోటీకిని వింబుల్డనునకును నడుమ రెండు వారములుగా నున్న యెడమును మూడు వారములు చేసినదియు నా సంవత్సరమే. అందుచేతనే యామె గెలిచెనని మేమనము. కాని యా యొక్క వారము విలువ యాడినవారికి దెలియును. ఎఱ్ఱమట్టిపై బంతి నెమ్మదించి యెత్తుగా లేచును. పచ్చికపై జాఱి, మోకాలికంటె దిగువగా దూసికొనివచ్చును. మట్టిమీద జాఱుచు బంతి నందుకొన నలవడిన పాదము పచ్చికపైనను అట్లే చేయబోయిన యెడల కాలు మడతపడును. మూడు వారములలో పాదమునకు క్రొత్త చదువు చెప్పవలసియున్నది. పరీక్ష ముందటి రాత్రి పుస్తకము తెఱచువారి సంగతి మా పాఠకులకు చెప్పనక్కఱలేదు.

పూర్వ మిట్లు కాదు. 1974 వఱకు నాలుగు మహాపోటీలలో మూడు పచ్చికపైననే జరిగెను. అమెరికావారు 1975 లోను, ఆస్ట్రేలియావారు 1988 లోను దానిని విడిచిరి. మదరాసు రామనాథన్ కృష్ణన్ 1960, 1961 సంవత్సరములలో వింబుల్డను సెమీఫైనలు చేరినది పచ్చిక పెంపకమువలననే యని మా నమ్మకము.

పచ్చిక త్వరగా నరుగును, నీరు మిక్కిలి త్రాగును, వానకు ఆట నిలిచిపోవును అని యాక్షేపింతురు. నిజమే. అయినను ఇంగ్లాండు జూనునే పట్టుకొని వ్రేలాడనేల? 2019 ఫిబ్రవరిలో కలకత్తాయందును, 2022 మార్చిలో ఢిల్లీయందును మనవారు డేవిస్ కప్పు పోటీలను పచ్చికపైననే యాడిరి. ఢిల్లీలో డెన్మార్కును 4-0 గా నోడించిరి. ఎండలు ముదరకమునుపు మన దేశమున నొక వృత్తిపోటీ పచ్చికపై నేల జరుపరాదు?

మన బోరబండలో పచ్చిక పెంచుడని మే మడుగము. పేట పేరునందే బండ యున్నది. వేసవిలో బిందెలకే నీరు చాలదు. ప్రక్క స్టేషను హైటెక్ సిటీలో అద్దాల మేడల ముంగిట పచ్చిక పఱచియుందురు గాని, దానిపై కాలు మోపరాదు. మన పిల్లలు సందులలో గోడకు బంతి కొట్టుకొనుచున్నారు. కావున పచ్చికకోర్టులు గల క్లబ్బులవారిని మేము కోరున దొక్కటి: పోటీ ముగిసిన మఱునాడు, ఎటులను నరిగిపోయిన యా కోర్టును ఒక పూట పాఠశాలల పిల్లలకు విడువుడు. బూట్లు లేనివారిని వట్టికాళ్లతో నాడనిండు. పచ్చికకు హాని తక్కువ.