పరిగెత్తి పాలు, నిలబడి నీళ్లు

పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు అని మా ఇళ్లలో పెద్దవాళ్లు తరచూ అంటుంటారు. లేనిపోని ఆశకు పోయి ఆయాసపడొద్దని దాని అర్థం. ఈ ఏడాది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో తెల్లవారుజామున పరిగెత్తడం మొదలుపెట్టాక మాకు ఈ సామెతలో ఇంకో అర్థం కూడా కనిపించింది. చాలా దూరం పరిగెత్తాలంటే మధ్యమధ్యలో నిలబడి నీళ్లు తాగడం కూడా తెలియాలి.

మేము ముగ్గురం తొమ్మిదో తరగతి చదువుతున్నాం. మాలో ఒకరి అమ్మ రైల్వే ఆస్పత్రిలో నర్సు. జనవరిలో జరిగే 50 కిలోమీటర్ల పరుగు కోసం ఆవిడ తయారవుతున్నారు. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అంతకంటే ఎక్కువ దూరం ఉంటే దాన్ని అల్ట్రామారథాన్ అంటారు. జులైలో నీళ్ల సీసాలు పట్టుకుని సైకిళ్ల మీద ఆవిడ వెనక వెళ్లాం. కొన్నాళ్లకు సైకిళ్లు ఇంట్లో పెట్టి, మొదటి మూడు కిలోమీటర్లు మేమూ పరిగెత్తడం మొదలుపెట్టాం.

మొదటి రోజు మాలో ఒకడు బాణంలా దూసుకుపోయాడు. అర కిలోమీటరు దాటేసరికి డొక్క పట్టుకుని కల్వర్టు మీద కూలబడ్డాడు. ఆంటీ తన వేగంతో తాను వచ్చి, "కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తగలిగితే అదే సరైన వేగం. మాట రావడం లేదంటే తగ్గించాలి" అన్నారు. ఆవిడ పది నిమిషాలు పరిగెత్తితే ఒక నిమిషం నడుస్తారు. శనివారం చాలా దూరం వెళ్లి, ఆదివారం అలసిన కాళ్లతోనే మళ్లీ బయలుదేరతారు. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి నీళ్లలో ఉప్పు, నిమ్మరసం కలుపుకుంటారు. దారిలో అరటిపండు తింటారు. పరిగెడుతూ తినడం కూడా సాధన చేయాల్సిన పనేనని మాకు అప్పుడే తెలిసింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, బళ్లో మనకు తెలిసిన పరుగు వేరు. వార్షిక క్రీడల రోజున 100 మీటర్లు, 200 మీటర్లు పరిగెడతాం. ముగ్గురికి పతకాలు వస్తాయి, మిగతావాళ్లు చుట్టూ కూర్చుని చప్పట్లు కొడతారు. జట్టు ఆటల సంగతి బదిలీల మీద తిరిగే మనలాంటి పిల్లలకు బాగా తెలుసు. నాన్నకో అమ్మకో ఆగస్టులో బదిలీ అవుతుంది. కొత్త బడికి వెళ్లేసరికి కబడ్డీ జట్టు ఎంపిక అయిపోయి ఉంటుంది. వచ్చే ఏడాది చూద్దాం అంటారు. వచ్చే ఏడాదికి మనం ఇంకో ఊళ్లో ఉంటామేమో! ఈ మాట మేము ముగ్గురం మూడు వేర్వేరు ఊళ్లలో విన్నాం. ఇందులో తప్పు ఎవరిదీ కాదు, కానీ వినడానికి బాధగానే ఉంటుంది.

దూరపు పరుగుకు జట్టు అక్కర్లేదు. ఎంపికలు ఉండవు. ఏ నెలలో వచ్చినా చేరవచ్చు. పైగా కొత్త ఊరు ఇంత త్వరగా మరే విధంగానూ పరిచయం కాదు. మాలో ఒకరు జోధ్‌పూర్ నుంచి వచ్చారు. అక్కడ జూన్‌లో సూర్యుడు ఆరింటికి కాస్త ముందు ఉదయిస్తే, ఇక్కడ ఐదుకే తెల్లారిపోతుంది. గడియారం దేశమంతటా ఒక్కటే అయినా తూర్పున పొద్దు ముందు పొడుస్తుందని భూగోళశాస్త్రంలో చదువుకున్నాం. అది నిద్రకళ్లతో బూట్లు కట్టుకునేటప్పుడు బాగా అర్థమైంది. కిలోమీటరు అంటే ఎంతో ఇక్కడి స్టేషన్ ప్లాట్‌ఫారమే చూపిస్తుంది. 1,072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది. ఏ వీధిలో తెలుగు మాటలు వినిపిస్తాయో, ఏ కొట్టులో పొద్దున్నే ముడీ అమ్ముతారో పరిగెత్తుతూనే తెలుసుకున్నాం. ముడీ అంటే మన మరమరాలే.

పేరున్న అల్ట్రామారథాన్లు కూడా వెనకబడినవాళ్లను చిన్నచూపు చూడవు. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య జరిగే కామ్రేడ్స్ మారథాన్ దాదాపు 90 కిలోమీటర్లు ఉంటుంది. దాన్ని ప్రారంభించిన విక్ క్లాఫమ్ రైలింజను డ్రైవరు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చి, చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకార్థం ఈ పరుగు ఉండాలనుకున్నాడు. మొదట అనుమతి దొరకలేదు. పట్టు వదలకుండా అడిగి 1921లో సాధించాడు. ఆ ఏడాది 34 మంది బయలుదేరితే 16 మంది చివరిదాకా వెళ్లారు. ఇప్పుడు వేలమంది పరిగెడుతున్నారు. 12 గంటల గడువులోగా చేరిన ప్రతివాళ్లకూ పతకం ఉంటుంది.

అయితే మేమూ 50 కిలోమీటర్లు పరిగెత్తేస్తామని అనడం లేదు. కామ్రేడ్స్‌లో పాల్గొనాలంటే 20 ఏళ్లు నిండాలి. అది మంచి నియమం. ఎదిగే వయసులో ఎముకలకు, కీళ్లకు అంత భారం పెట్టకూడదు. మాకు వారానికి మూడు రోజులు, రోజుకు మూడు కిలోమీటర్లు చాలు.

పెద్దల అభ్యంతరాలు మాకు తెలుసు. మొదటిది చదువు, నిద్ర. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటేనే పొద్దున్న లేస్తాం. అందుకోసం ఫోను పక్కన పెట్టాల్సి వచ్చింది. అది నష్టమని మా ఇళ్లలో ఎవరూ అనలేదు. రెండోది భద్రత. ఆడపిల్లలను చీకట్లో ఎలా పంపుతామంటారు, వీధికుక్కల భయమూ ఉంది. ఇది నిజమైన ఇబ్బంది. పెద్దవాళ్లు తోడు లేకుండా మేము ఎప్పుడూ వెళ్లలేదు. కానీ అందరి ఇళ్లలోనూ మా ఆంటీ లాంటివాళ్లు ఉండరు కదా. అందుకే ఈ పని బడి చేపట్టాలంటున్నాం.

మా కోరికలు రెండు. వారానికి మూడు రోజులు బడి మొదలయ్యే ముందు ఒక గంట మైదానం తెరిచి, ఒక ఉపాధ్యాయుడినో ఉపాధ్యాయురాలినో అక్కడ ఉంచాలి. నడిచేవాళ్లు నడుస్తారు, పరిగెత్తేవాళ్లు పరిగెడతారు. ఎవరు ముందు వచ్చారన్నది రాయక్కర్లేదు. ఇక రెండోది, ప్రతి విద్యార్థికీ ఒక కిలోమీటర్ల పుస్తకం ఇవ్వాలి. బదిలీ అయినప్పుడు టీసీతో పాటు అది కూడా కొత్త బడికి వెళ్లాలి. టీసీలో మన తరగతి ఉంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది. మనం కష్టపడి పోగుచేసుకున్న దూరం కూడా మనతో రావాలి. కొత్త బడిలో దాన్ని సున్నా నుంచి మొదలుపెట్టే అవసరం ఉండకూడదు.

ఇది రాస్తుండగానే ఆంటీ వాళ్లింటికి బదిలీ కబురు వచ్చింది. డిసెంబరులో సామాను సర్దాలి. జనవరి పరుగు ఏమవుతుందో అని మేము దిగులుపడితే ఆవిడ నవ్వి, "పరుగు ఇంకో చోట కూడా ఉంటుంది. కాళ్లు మనతోనే వస్తాయి కదా!" అన్నారు.

ముగ్గురం ఇక ఇద్దరం అవుతాం. వెళ్లిపోయేవాడి కోసం ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కొని, మొదటి పేజీలో ఇక్కడ పరిగెత్తిన 164 కిలోమీటర్లు రాసి ఇచ్చాం. దాని మీద ఇంకా ఏ బడి ముద్రా లేదు. వచ్చే ఏడాది మన బడి ముద్రతో అలాంటి పుస్తకాలు అందరికీ వస్తాయని ఆశిస్తున్నాం.