ఋతుకాలపు కప్పు – గుణదోషములు

ఈ మాసపు శీర్షికను జూచి కొందఱు సోదరీమణులు పత్రికను దిండుక్రింద దాచుదురేమో. దాచినను సరియే, దాచినచోటనే చదువుడని కోరుచున్నాము. ఊరగాయ జాడీలను గూర్చియు, బిడ్డల దగ్గును గూర్చియు ఇన్ని మాసములుగా వ్రాయుచున్న ఈ పుటలో, నెలకు నాలుగైదు దినములు మనల నందఱను పట్టి యుంచు విషయమును గూర్చి యొక్కమాటయైన లేకుండుట న్యాయముగాదు. సభాపర్వమును జదివినవా రెఱుగుదురు: దుశ్శాసనుడు జుట్టుపట్టి యీడ్చుచుండగా ద్రౌపది తాను రజస్వలనని, ఏకవస్త్రనని నోరువిప్పి చెప్పినది. రాజపత్ని పరపురుషునితో జెప్పినమాటను మనలో మనము చెప్పుకొనుటకు సిగ్గేల?

అంగళ్లలో మెన్‌స్ట్రువల్ కప్పు అని యమ్మునది గంట యాకారముగల చిన్న గిన్నె. వైద్యమున కుపయోగించు మెత్తని సిలికానుతో జేయుదురు. దీనిని మడిచి యోనిలో నుంచుకొనిన యెడల లోపల విచ్చుకొని, అంచు చుట్టును అంటుకొని నిలుచును. గుడ్డయు ప్యాడును రక్తమును పీల్చును; ఇది పీల్చదు, పట్టి యుంచును. సాధారణముగా 20 మొదలు 30 మిల్లీలీటర్లు పట్టును. స్రావమునుబట్టి ఎనిమిది మొదలు పండ్రెండు గంటలలోపల దీసి, పాఱబోసి, కడిగి మరల నుంచుకొనవలయును. మూత్రమునకు బోవునపుడు తీయనక్కఱలేదు. మంచిది కొని జాగ్రత్తగా వాడినచో పదేండ్లవఱకు నిలుచునని చెప్పుదురు.

ఇది నిన్న మొన్నటి వింత యనుకొనరాదు. 1937లో అమెరికాలో లియోనా చామర్సు అను నటీమణి రబ్బరుతో ఇట్టికప్పును జేసి పేటెంటు పొందినది. యుద్ధకాలమున రబ్బరు దొరకక ఆ తయారీ నిలిచిపోయినది. నాటకశాలలో దుస్తులు మార్చుకొనుచు, గంటలకొలది దీపములక్రింద నిలువబడిన స్త్రీకి ఈ యుపాయము తోచుటలో మాకేమియు నాశ్చర్యము లేదు. ఏలయన మేముండు రహమత్ నగరునుండి కృష్ణానగరు ఎంతో దూరము లేదు. తెల్లవారకముందే అచట వీధిమొగలో సినిమా బండ్లకొఱకు నిలుచు స్త్రీలను మేము నిత్యము చూచుచున్నాము. గుంపులో నిలువబడువారు, నాట్యమాడువారు, వారి జడలల్లువారు, చీరలు మడతపెట్టువారు – వీరిలో పెక్కండ్రు మా బస్తీలోని యొంటిగది యిండ్లలో అద్దెకుందురు.

ఊరిబయట చిత్రీకరణమైనచో మరుగుదొడ్డి యుండునన్న నమ్మకము లేదు. మలయాళ చలనచిత్ర పరిశ్రమలోని స్త్రీల కష్టములను విచారించిన న్యాయమూర్తి హేమ సంఘము 2019లో సమర్పించిన నివేదిక 2024 ఆగస్టులో వెలువడినది. చిత్రీకరణ స్థలములలో మరుగుదొడ్లు లేకపోవుటవలన స్త్రీలు నీరు త్రాగుటయే మానుకొనుచున్నారని అందు వ్రాసిరి. అది మలయాళదేశపు మాట. మా ప్రక్కయింటి యామె చెప్పునదియు అదియే. ప్యాడు మార్చుకొన చోటులేక ఉదయము పెట్టుకొన్నదానినే రాత్రి యింటికి వచ్చువఱకు నుంచుకొని, తొడలు ఒరసి పుండ్లుపడి యొకసారి మావద్దకు కొబ్బరినూనెకై వచ్చినది. అట్టివారికి ఈ కప్పు నిజముగా ఉపకారము చేయగలదు. మితమైన స్రావముగల స్త్రీ యింట నుంచుకొని పోయి, యింటికి వచ్చినపిదప దీసికొనవచ్చును. నడుమ తలుపులేని చోటును వెదకుకొను బాధ యుండదు. కప్పుయొక్క గుణములలో దీనినే మేము మొదటిదిగా నెంచుచున్నాము.

ఖర్చుమాట చూతము. కప్పు వెల సామాన్యముగా 300 మొదలు 500 రూపాయలు. నెలకు పండ్రెండు ప్యాడులు, ఒక్కొక్కటి 6 రూపాయలు అనుకొనిన నెలకు 72, ఏటికి 864 రూపాయలగును. కావున ఏడాదిలోపలనే వెల తీఱిపోవును. అయితే ప్రభుత్వపు జన ఔషధి దుకాణములలో 2019 ఆగస్టునుండి ప్యాడు రూపాయకే ఇచ్చుచున్నారు. అవి కొనువారికి ఏటికి 144 రూపాయలు మాత్రమే యగును; కప్పు వెల రాబట్టుకొనుటకు మూడేండ్లు పట్టును. డబ్బు మిగులుననుమాట అందఱికి నొక్కతీరున వర్తింపదు. ఒక్కసారిగా 400 రూపాయలు తన చేతినుండి తీసి యిచ్చు స్వాతంత్ర్యము మనలో నెందఱికున్నది?

చెత్తమాట వేఱు. ప్యాడులో ప్లాస్టికు పొర యుండుటచేత మట్టిలో గలియదు. నగరపు చెత్తయంతయు జవహర్ నగరు దిబ్బకు బోవును. త్రోవలో దానిని చేతులతో వేఱుచేయువారిలోను స్త్రీలే యున్నారు. మన రక్తపుగుడ్డలను కాగితమునైన చుట్టక పాఱవేయుట వారిపట్ల చేయు పాపము. కేరళములోని అలప్పుళ పట్టణమున 2018 వరదలలో సహాయశిబిరములందు వాడిన ప్యాడులను ఏమిచేయవలయునో తోచక చిక్కుపడిరి. 2019లో అచటి పురపాలకసంఘమువారు హెచ్.ఎల్.ఎల్. లైఫ్‌కేర్ సంస్థతో గలసి అయిదువేల కప్పులను ఉచితముగా పంచిరి. ఆ పథకమునకు తింకళ్, అనగా చందమామ, అని పేరు పెట్టిరి. పిమ్మట ఎర్ణాకుళము జిల్లాలోని కుంబళంగి గ్రామము 2022 జనవరిలో ప్యాడులు లేని గ్రామముగా ప్రకటింపబడినది. కప్పులు పంచుటతో విడువక, వాడుక నేర్పుటకు శిక్షణయు నిచ్చిరి. మన నగరములోని పేటలందు ఇట్టిపని ఎవరైన తలపెట్టినచో తొలుత శిక్షణను గూర్చి యోచింపవలయును. నేర్పక పంచిన కప్పు పెట్టె యడుగున బడి యుండును.

ఇక దోషములు. మా వీధిలో కొళాయి నీరు రోజు విడిచి రోజు వచ్చును. నాలుగు కుటుంబములకు ఒక మరుగుదొడ్డిగల ఇండ్లును కలవు. కప్పు తీయువారికి ముందు చేతులు సబ్బుతో గడుగుకొనుటకు నీరు కావలయును. కప్పు గడుగుటకు మంచినీరు కావలయును. తలుపునకు గడియ కావలయును. బయట తలుపు తట్టువారు లేకుండవలయును. ఈ నాలుగింటిలో ఏది లేకున్నను పని చెడును. మరుగుదొడ్డిలోనికి సీసాతో నీరు తీసికొనిపోవుట యొక యుపాయము. ఏదియు వీలుకానిచో కప్పును శుభ్రమైన కాగితముతో దుడిచి మరల నుంచుకొని, నీరు దొరకినపుడు కడుగవచ్చును. ప్రతిసారి ఇట్లే చేయుట తగదు.

అన్నిటికంటె పెద్ద చిక్కు గిన్నెది. నెలసరి మొదలగుటకు ముందొకసారి, ముగిసినపిదప నొకసారి కప్పును మునుగునంత నీటిలో అయిదారు నిమిషములు తెర్లనీయవలయును. ఒకే పొయ్యి, ఒకే గది, అత్తగారు, మఱదులు గల యింట ఈ కప్పును ఎచట తెర్లనిచ్చుట? ‘‘పప్పు వండు పొయ్యిమీద మైలవస్తువా!’’ యని ఒక పెద్దమ్మ మమ్ము గద్దించినది. ఆమెను మేము తప్పుపట్టము, అలవాటు అట్టిది. మఱియొకామె, ‘‘బయటికేమియు కనబడనిచో కోడలు మూడుదినములు దూరముండుట యెట్లు తెలియును?’’ అని నిజముగానే దిగులుపడినది. దీనికి మేమేమి చెప్పగలము! ఉపాయము మాత్రము చెప్పెదము. ఎత్తైన స్టీలు గ్లాసును ప్రత్యేకముగా నుంచుకొనుడు. అందఱు నిద్రించినపిదప తెర్లనిచ్చి, గ్లాసును తోమి మీ పెట్టెలో బెట్టుకొనుడు. నీరు ఇగిరిపోవువఱకు విడిచినచో కప్పు మాడి వాసనకొట్టును, మఱి పనికిరాదు. ఆఱినపిదప గాలి సోకు గుడ్డసంచిలో నుంచవలయునుగాని బిగువుగా మూతపెట్టు డబ్బాలో నుంచరాదు.

మేము మూడేండ్లుగా వాడుచున్నాము. మొదటి నెల విసుగు, రెండవ నెల సగము విసుగు, మూడవనెలనుండి మఱచిపోవుట. అందఱకును ఇంచుమించు ఇట్లే జరుగుననుటకు ఆధారము కలదు. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అను వైద్యపత్రిక 43 పరిశోధనలను, 3,300కు పైగా స్త్రీల యనుభవములను కూర్చి ప్రకటించినది. నేర్చుకొనుటకు కొన్ని మాసములు పట్టునని, వాడిచూచినవారిలో నూటికి 70 మంది ఇకముందును వాడుదుమనిరని, చీఱుట కాఱుట ప్యాడులకంటె హెచ్చు కాదని అందు దేలినది. మిగిలిన 30 మందిని గూడ మేము మఱువలేము. వాడజాలని స్త్రీ తెలివితక్కువది కాదు. ఆమె దేహమునకు సరిపడలేదు, అంతియే. ఎండలో నారవేసిన నూలుగుడ్డ ఆమెకు చక్కగా పనికివచ్చును.

తీయునపుడు తోకను బట్టి లాగరాదు. అడుగుభాగమును రెండు వ్రేళ్లతో నొక్కినచో గాలి చొచ్చి పట్టు వదలును. అటుపిమ్మట మెల్లగా దీయవలయును. గోళ్లు కత్తిరించుకొని యుండుట మేలు. లోపల తప్పిపోవునను భయము వలదు. యోని పైకొన గర్భాశయ ముఖముతో మూతబడి యున్నది, కప్పు పోవుటకు త్రోవయే లేదు. కూర్చుండి, భయపడక, క్రిందికి ముక్కినచో అందును.

పెండ్లికాని కూతురికి ఈయవచ్చునా యని తల్లులు మెల్లగా నడుగుచున్నారు. చిన్న పరిమాణపు కప్పు పిల్లలకు తగినదే. కాని పిల్ల తనకు దానుగా కోరనిదే ఎవ్వరును బలవంతపెట్టరాదు. కన్నెపొర సాగునని, చిట్లునని భయము. ఆ పొర ఆటలలోను సాగును. కొందఱికి పుట్టుకతోనే పలుచన. దానిని జూచి శీలమును నిర్ణయించు శాస్త్రమే లేదు. అత్యాచారమునకు గుఱియైనవారికి జేయు రెండువ్రేళ్ల పరీక్షకు శాస్త్రాధారము లేదని చెప్పి మన సుప్రీముకోర్టు 2022 అక్టోబరులో దానిని నిషేధించినది. న్యాయస్థానము విడిచిన కొలతను తల్లి పట్టుకొని యుండుట మాకు వింతగా నున్నది. ‘‘సంబంధము చెడదా?’’ అను ప్రశ్నకు మాత్రము మావద్ద సులభమైన జవాబు లేదు. ఆ ప్రశ్న నడుగు వరుడే యీయవలయును.

కప్పువలన కలుగు మఱియొక లాభమును ఎవరును చెప్పుట మేము వినలేదు. కప్పుమీద గీతలుండును, ఎంత స్రావమైనదో కంటికి గనబడును. నెలసరి మొత్తములో సామాన్యముగా 30 లేక 40 మిల్లీలీటర్లు పోవును. 80 దాటినచో అధికమందురు. మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పినది. తెలుగునాట మఱియొక కీడు కలదు. 2015–16 సర్వేలో దేశమంతటను నూటికి ముగ్గురు స్త్రీలు గర్భసంచి తీయించుకొనియుండగా, ఆంధ్రప్రదేశమున సుమారు 9 మంది, తెలంగాణమున సుమారు 8 మంది తీయించుకొని యుండిరి. ‘‘ఎక్కువగా పోవుచున్నది’’ అని నోటిమాటగా జెప్పిన స్త్రీకి ‘‘తీసివేయుదము’’ అను జవాబు ఎంత సులభముగా వచ్చునో మా చుట్టుప్రక్కల చూచుచునే యున్నాము. కప్పు నిండిన సంఖ్యను మూడునెలలు ఒక నోటుపుస్తకమున వ్రాసికొని వైద్యురాలివద్దకు బోవు స్త్రీని అంత సులభముగా శస్త్రచికిత్సకు బంపలేరు. రెండు మూడు గంటలకే కప్పు నిండుచున్నచో ఆలసింపక చూపించుకొనవలయును.

వాడకూడనివారును, వైద్యురాలి నడిగియే వాడవలసినవారును కలరు. కాపర్ టి వేయించుకొన్నవారు అడుగకయే వాడరాదు. కప్పు లాగునపుడు అది కదలివచ్చిన సందర్భములు కలవు. గర్భాశయము జాఱినవారును అడిగి తెలిసికొనవలయును. కానుపైన పిదప ఆఱువారములైన ఆగి, వైద్యురాలు సరియనినపిదపనే మొదలుపెట్టవలయును. దురదయు, దుర్వాసనయు, చెడుస్రావమును ఉన్నవారు మొదట చికిత్స పొందవలయును. కప్పును గంటలు మీఱి యుంచుటవలన మిక్కిలి అరుదుగా టాక్సిక్ షాక్ అను ప్రాణాపాయ వ్యాధి రావచ్చును. హఠాత్తుగా తీవ్రజ్వరము, వాంతులు, ఒంటిమీద ఎఱ్ఱని దద్దు, కండ్లు తిరుగుట కనబడినచో కప్పును వెంటనే తీసి, ఆసుపత్రికి బోయి, కప్పు వాడుచుంటినని స్పష్టముగా జెప్పవలయును. అచట సిగ్గుపడిన ప్రాణమునకే ముప్పు.

కొనబోవువారు పరిమాణమును మఱువరాదు. బిడ్డలను గననివారికి చిన్నది, సహజముగా కానుపైనవారికి పెద్దది సామాన్యముగా సరిపోవును. వెల తక్కువయని, తయారుచేసినవారి పేరులేని రంగురంగుల కప్పులను కొనవలదు. అక్కచెల్లెండ్రైనను ఒకరి కప్పు నొకరు వాడరాదు. స్టీలు గ్లాసును గూర్చి మఱియొక మాట: మా ప్రక్కయింటి యామె దాని యంచున ఎఱ్ఱదారము గట్టి గూటిలో నుంచినది. అదేమని అత్తగారడుగగా మందు కాచుకొను గ్లాసనెనట.